వీడియోలో చెప్పని మాట

మదనపల్లె,
బుధవారం.

మరదలు మాధవీలతకు,

కుప్పంలో అందరూ బాగున్నారనుకుంటాను. ఇంట్లోనే టైపింగ్ చేసే ఉద్యోగానికి ఒకటో తేదీన నువ్వు రెండు వేలు కడతావని అత్తమ్మ చెప్పింది. కట్టొద్దమ్మా.

టమోటా మండీలో కాయలు ఏరడానికి పిలిచే మేస్త్రీ ముందు మన చేతిలోనే అడ్వాన్సు పెడతాడు. ఈ టైపింగ్ ఉద్యోగం వాళ్లు నన్నే ముందు కట్టమన్నారు. "పనిచ్చేటోడు మననే దుడ్డు అడిగేది యాడన్నా ఉండాదా?" అని మా చిన్నమ్మ ఆ రోజే అనింది. నేను వినలేదు, కట్టాను. జీతం ఒక్క నెలా రాలేదు.

అయినా నెలనెలా జీతం పడుతోందని వాళ్ల వీడియోలో చెప్పింది నేనే. అలా చెబితే కట్టిన డబ్బు తిరిగిస్తామన్నారు. చెప్పాను. ఇవ్వలేదు. ఆ వీడియో చూసి, వదిన అబద్ధమాడదని నువ్వు నమ్మావట.

ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. ఈ ఉత్తరాన్ని ఫొటో తీసి, ఆ వీడియో తిరుగుతున్న గ్రూపుల్లో పెట్టు. రాసింది మా వదినేనని చెప్పు.

నీ వదిన