నా రెండెకరాల్లో చెరువు వద్దన్నయ్యా

ఎన్నిస్, ఐర్లండ్
ఆదివారం మధ్యాహ్నం

అన్నయ్యకి,

నీ చెల్లి కుమారి దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం ఒంట్లో బానే ఉన్నాం. నీ మోకాలు ఎలా ఉంది? వదినకి గుండెల్లో మంట తగ్గిందా? రాత్రిళ్ళు పులుపు మానేయమన్నానని చెప్పు. పెద్దమ్మ చెవి మిషను పెట్టుకుంటోందా, ఇంకా డబ్బాలోనే దాస్తోందా?

గురువారం నీకు "ఆగు అన్నయ్యా, చెరువాయనకి ఇంకేం చెప్పకు, వివరంగా రాస్తా" అని మెసేజ్ పెట్టాను కదా. ఇదే ఆ వివరం. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో "సరేలే" అనేస్తావు, నేను ఏడ్చేస్తాను, అసలు సంగతి ఉండిపోతుంది. అందుకని కౌంటరు దగ్గర కూర్చుని టకటకా కొట్టేస్తున్నా. తప్పులుంటే సర్దుకో. అక్షరాలు చిన్నగా ఉంటే వదిన చేత చదివించుకో.

ముందు ఇక్కడి కబుర్లు. వాన. నిన్నా వాన, మొన్నా వాన. మన వానలా దబదబా కురిసి పోదు, చిన్న జల్లు పొద్దున్న పట్టుకుంటే సాయంత్రం దాకా వదలదు. బట్టలు ఆరవు. మీ బావగారు డబ్లిన్ పక్కన చెర్రీవుడ్‌లోనే ఉంటున్నారు, ముగ్గురు కలిసి ఒక గదిలో. కంపెనీలు వస్తూనే ఉన్నాయి, మనవాళ్ళని తెస్తూనే ఉన్నాయి, ఉండటానికి ఇళ్ళు మాత్రం లేవు. శుక్రవారం సాయంత్రం బస్సులో వస్తారు, ఆదివారం భోంచేసి వెళ్ళిపోతారు. ఇప్పుడే బస్సెక్కించి వచ్చా. ఇంటికెళ్తే ఆయన తాగిన కాఫీ గ్లాసు కనపడుతుంది, అందుకని షాపుకొచ్చేశా. సెలవు రోజే, ఊరికే లైటు వేసుకుని కూర్చున్నా.

షాపు బానే నడుస్తోంది, బెంగపడకు. షానన్ కంపెనీల్లో చేసే ఉత్తరాదివాళ్ళు, హాస్పిటల్లో చేసే కేరళ అమ్మాయిలు, ఆఫ్రికా వాళ్ళు అందరూ వస్తారు. ఈ ఊళ్ళో ఎవర్ని ఎలా ఉన్నావన్నా "గ్రాండ్" అంటారు. నాకూ అలవాటైంది. మొన్న జ్వరంతో కౌంటరు పట్టుకుని నిలబడి కూడా గ్రాండ్ అన్నా. రోజంతా మనుషుల మధ్యే ఉంటా అన్నయ్యా, తలుపు తాళం వేసేసరికి ఒక్కళ్ళతో కూడా మాట్లాడినట్టుండదు. వారం మధ్యలో నాకు తెలుగంటే నీ వాయిస్ మెసేజీలే.

తప్పు కూడా అక్కడే జరిగింది. పది రోజుల కిందట ఆరు నిమిషాలది ఒకటి పంపావు చూడు, అప్పుడు నేను బెండకాయలు తూస్తున్నా. వెనక నలుగురు నిలబడున్నారు. నువ్వు ప్రతి ఏడూ అడుగుతావుగా, "నీ పసుపుకుంకుమ పొలం చెల్లీ, ఈసారి ఏం వేద్దాం" అని. నేను నీ ఇష్టం అంటా. నాన్న నా పేర రాశాడు గానీ నేను ఏనాడు గట్టెక్కాను? అదే ఊసనుకుని వినకుండానే బొటనవేలి బొమ్మ నొక్కేశా. నొక్కి బెండకాయలు కవర్లో పోశా. తర్వాత నువ్వు "నీ మాట ప్రకారం చెప్పేశాను, దాళ్వా కోతలు అవగానే పొక్లెయిన్ దిగుతుంది" అని పెడితే, నీళ్ళ బోదె తవ్విస్తున్నావేమో అనుకున్నా చూడు, నా తెలివి!

ఇక్కడ వంజిరు అని కెన్యా ఆవిడ ఉంది. ముసలివాళ్ళ హోములో పని చేస్తుంది. వారం వారం మొక్కజొన్న పిండీ పెసలూ కొంటుంది. వాళ్ళూ చపాతీని చపాతీ అనే అంటారు, తెలుసా? గురువారం మధ్యాహ్నం తడిసి ముద్దయి వచ్చి, "సిస్టర్, నీ వైఫై ఇయ్యి, మా పిన్ని మాట్లాడుతోంది" అంది. వాళ్ళ పిన్ని అక్కడ పార్లమెంటు మెంబరట. ఫోను కాటా మీద ఆనించి పెట్టాం. స్క్రీను మీద పిన్నిగారు లేచి నిలబడగానే ఇక్కడ వంజిరు కూడా లేచి నిలబడింది. ఆవిడ కూర్చునే దాకా ఈవిడ కూర్చోలేదు.

ఆవిడ చెప్పింది రైతుల సంగతే. వాళ్ళ కొండ మీద వాగు పక్కనంతా నీలగిరి చెట్లు వేశారట, డబ్బొస్తుందని. ఆ చెట్లు ఊటలన్నీ తాగేశాయి. చెట్లు వేసింది పైవాళ్ళు, ఎండింది కిందవాళ్ళ మొక్కజొన్న. మీలో ఎవరైనా ఆ కిందవాళ్ళని అడిగారా అని గట్టిగా అడిగింది. టైమైపోయిందని మైకు కట్ చేశారు. అయినా ఆపలేదు.

"మీ పిన్ని గొంతు మా పెద్దమ్మకి కూడా వినపడుతుంది, మిషను లేకుండా" అన్నా.

వంజిరు పడి పడి నవ్వింది. నవ్వి, స్క్రీను మీద వేలు పెట్టింది. "వీణ్ణి చూడు, ఫోన్లో ఏదో గీకుతున్నాడు. వీడు చూడు, వినకుండానే తలూపుతున్నాడు. మొత్తం విని కాదన్నా మా పిన్ని బాధపడదు సిస్టర్. ఇదిగో, ఈ తలూపేవాళ్ళతోనే ఆవిడకి మంట."

నాకు నీకు పంపిన ఆ బొటనవేలి బొమ్మ గుర్తొచ్చింది అన్నయ్యా.

ఆవిడ వెళ్ళగానే తలుపుకి బోర్డు తిప్పి, బియ్యం బస్తా మీద కూర్చుని నీ మెసేజీ మొదటి నుంచి విన్నా. రొయ్యల చెరువాయన నా రెండెకరాలు అడుగుతున్నాడని, చుట్టూ అందరూ తవ్వేశారని చెప్పావు. తర్వాత, సత్యవతి పిన్ని వచ్చి అరుగు మీద కూర్చుందని, మన కిందే తన చేను, ఆ చెరువుల ఉప్పు దిగి తన బోరులో నీళ్ళు ఇప్పటికే ఉప్పగా తగులుతున్నాయని ఏడ్చిందని. చివర్లో అన్నావు, "నాకు మనసొప్పట్లేదు చెల్లీ. పొలం నీది. నువ్వొక్కమాట వద్దను, నీ మీద పెట్టి తప్పుకుంటా." ఆ తర్వాత మెసేజీ ఆగేదాకా నీళ్ళ మోటారు చప్పుడే వినపడింది. దానికి నేను పంపింది ఆ బొమ్మ.

మీ బావగార్ని అడిగితే, "మీ అన్నయ్య అడిగింది నిన్ను, నన్ను కాదు" అన్నారు. నిజమే.

అందుకని చెప్తున్నా. నా రెండెకరాల్లో చెరువు వద్దు. వచ్చే సార్వాకి వరే వెయ్యి. ఏ వరి అని అడుగు, ఈసారి నీ ఇష్టం అనను, ఏదో ఒకటి చెప్తా. మీరు మాట తప్పారని చెరువాయన అంటే "మా చెల్లి తప్పింది" అని ఊరంతా చెప్పు, నాకేం కాదు. సత్యవతి పిన్ని దగ్గరికి మాత్రం ఇది చదివిన వెంటనే వెళ్ళు. నా పేరు చెప్పు.

ఎవరైనా ఇటు వస్తుంటే ఇత్తడి జంతికల గొట్టం పంపు, చుక్క బిళ్ళతో సహా. వంజిరుకి చేసి పెడతానన్నా. పెద్దమ్మకి దణ్ణాలు, వదినకి ముద్దులు. మీరిద్దరూ నన్ను దీవించండి.

గురువారం నుంచి నువ్వేం పంపలేదు. కోపమొచ్చిందేమో, రావాల్సిందే. తిట్టు. కానీ మెసేజీలో తిట్టు అన్నయ్యా, పొడుగ్గా తిట్టు. కొట్లో ఎంతమంది ఉన్నా కాటా ఆపేసి, నీ మోటారు చప్పుడు కూడా వదలకుండా వింటా.

ఇట్లు
నీ మాట వినని చెల్లి,
కుమారి