ఇవతలి ఒడ్డున ఇంకా రెండు

హెడ్మాస్టరు గారికి మూడో తరగతి లెక్కల టీచరు నమస్కరించి ఇచ్చుకుంటున్న సంజాయిషీ.

లెక్కల పీరియడులో కథల పుస్తకం ఎందుకని, లైబ్రరీ పుస్తకం మీద పెన్నుతో గీసిందెవరని అడిగారు. రెంటికీ జవాబు ఒకటే.

ఆ కథలో వరదొస్తుంది. తాబేలు పద్దెనిమిది జంతువులను పడవలో ఏరు దాటిస్తుంది. పడవలో తాబేలు కాక నాలుగే పడతాయి. "నాలుగు విడతల్లో అన్నీ క్షేమంగా దాటాయి" అని పుస్తకంలో ఉంది. నేనూ చూసుకోకుండా గడగడా చదివేశాను.

చివరి బెంచీ పిల్ల లేచి నిలబడింది. భాగహారమంటే నీళ్లు నమిలే పిల్ల. బడి తెరిచాక క్లాసులో అది నోరు విప్పడం అదే మొదలు.

"అన్నీ ఎక్కడ దాటాయి టీచర్? ఇంకా రెండు ఇవతలే ఉండిపోయాయి. నీళ్లొచ్చేస్తున్నాయి!"

క్లాసంతా వేళ్లు మడిచి లెక్కపెట్టింది. నిజమే. పెన్ను నేనే ఇచ్చాను. ఆ పిల్ల "నాలుగు" కొట్టేసి "ఐదు" అని రాసింది.

లైబ్రరీకి వేరే ప్రతి తెచ్చిస్తాను. కానీ ఆ దిద్దుబాటు చెరిపించి, పిల్లచేత క్షమాపణ చెప్పించమన్నారు చూశారూ, అది మాత్రం నావల్ల కాదండీ. మళ్లీ నాలుగని రాస్తే ఆ రెండు ప్రాణాలూ ఏటిపాలే.

రేపు కూడా లెక్కలకు కథల పుస్తకమే తెస్తున్నాను. మీరూ వచ్చి వినండి. చివరి బెంచీలో చోటుంది. ఆ పిల్ల ఇప్పుడు ముందు వరసలో కూర్చుంటోంది.

ఇట్లు,
మూడో తరగతి టీచరు