వల కప్పిన డ్రమ్ములు

మొగల్తూరు,
18-6-2006.

చిరంజీవి నూకరత్నాన్ని అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టడం ఆనవాయితీ. ఈసారి అలా రాయను. ఊళ్లో క్షేమంగా ఉన్నవి దోమలే.

నాన్న వల పని అయిందా అని అడిగావు. కాలేదు. వేట నిషేధం అయిపోయి అందరి పడవలూ సముద్రం మీదికి వెళ్లాయి, మనది ఒడ్డునే ఉంది. నాన్నకు చికున్‌గున్యా జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది గానీ కీళ్లను వదల్లేదు. ఆయన వేళ్లు ముడవడం లేదు. అన్నం కలుపుకోలేక చెంచా అడుగుతున్నాడు.

నాకు ఒళ్లు మండిపోతోంది. నెల రోజులు ఇంటింటా మూలుగుతుంటే, డాక్టరు ఉత్త విషజ్వరాలని చెప్పి మాత్రలిచ్చి పంపేశాడు. నాయకులొచ్చిన రోజు దోమల పొగ మిషను మెయిన్ రోడ్డంతా తిరిగింది, మన పేటలోకి తొంగి చూడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు మైకులో జాగ్రత్తలు చెబుతున్నారు.

అందరి కోపం చివరికి సంపూర్ణమ్మ మీద పడింది. ఇంటింటికీ తిరిగి నీళ్లలో దోమల మందు వేసే మనిషి, నీకు తెలుసుగా. మొన్న మీ నాన్న ఆమెను నలుగురిలో నిలబెట్టి, "మందెయ్యకుండానే ఏసేనని రాసుకున్నావు. నా చేతులు నువ్వే పడగొట్టేవు" అన్నాడు. ఆమె నావైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. ఆమెను పనిలోంచి తీసేయమని రాసిన అర్జీ మీద పేటంతా సంతకాలు పెట్టింది. నేనూ పెట్టాను.

నర్సు చదువు చదువుతున్నదానివి, నీళ్లు నిల్వ ఉంచవద్దని రాశావు. ఉంచలేదని జవాబిచ్చాను. అది అబద్ధం. మన బావి నీళ్లు ఉప్పన కదా, వేసవికి కాలవల్లో నీళ్లు కట్టేసే ముందే రెండు డ్రమ్ములు నింపి పెరట్లో పెట్టాను. మందు వేస్తే నీళ్లు వాసనొస్తాయని, సంపూర్ణమ్మ రావడం చూసి వాటి మీద మీ నాన్న పాత వల కప్పేశాను.

"ఇంకెక్కడన్నా నీళ్లున్నాయా అప్పాయమ్మ గారూ?" అని అడిగింది.

"లేవమ్మా" అన్నాను.

మన గోడ మీద సుద్దతో 'నీళ్లు లేవు' అని రాసి వెళ్లింది. ఆ అక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి. నిన్న వల తీసి చూస్తే డ్రమ్ముల నిండా దోమ పురుగులు. రెండూ పారబోశాను. డాక్టరు మీద, పంచాయతీ మీద నా కోపం నిజమే, అది తగ్గదు. అంతకు పదింతలు నా మీద ఉంది.

అర్జీ రేపు పై ఆఫీసుకు వెళ్తుందట. అంతకు ముందే పంచాయతీ దగ్గర అందరిలో ఈ మాట చెప్పేస్తాను. మీ నాన్నకు ఇవాళే చెప్పాను. అన్నం పెట్టి చెంచా ఇస్తే అందుకోలేదు. ఆ వంగని వేళ్లతోనే కంచంలో కెలుక్కుంటూ కూర్చున్నాడు.

ఇట్లు,
నీకు అబద్ధం రాసిన
అమ్మ.