సగం పత్తి

దివాకర్‌కు మర్రిగూడ నుంచి మీ మేనత్త దీవెనలు.

ఫోన్‌లో అయితే సగం మరిచిపోతాను, అందుకే రాస్తున్నాను. ధర పెరుగుతుందని వీడియోల్లో అందరూ చెప్పడంతో మీ మామ పత్తంతా ఇంట్లోనే ఉంచుదామన్నాడు. నువ్వు రాబోయే నెలల ధరకు ఇప్పుడే బేరాలు కుదిర్చే ఫ్యూచర్స్ ఆఫీసులో ఉన్నావని నిన్ను అడిగాడు.

"వచ్చే నెలల ధర ఇప్పటి ధర కన్న తక్కువ నడుస్తాంది మామా. బయటి దేశాల పత్తి మీద సుంకం ఎత్తేస్తరని, అది అగ్గువకు వస్తదని అందరికీ భయం. గట్లనే అయితదని నేను చెప్పలేను. సగమన్న అమ్ము" అన్నావు.

"గింత చదివి గిదేనా చెప్పుడు?" అని విసుక్కుంటూనే సగం పత్తి చిట్యాల మిల్లుకు తోలాడు. వారానికే సుంకం తీసేశారు, ధర పడిపోయింది. చవకగా పత్తి కావాలన్న నూలు మిల్లుల మొర విన్న సర్కారు మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. ఆ కోపం నాకింకా ఉంది.

కానీ అమ్మిన పత్తి డబ్బుతో చూపు ఆనని మా అత్తమ్మకు నల్లగొండ దవాఖానలో కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పగానే ఆమె కొడుకు ముఖాన్ని చాలాసేపు చూసి, "సైదులూ, గింత చిక్కిపోయినవేంది బిడ్డా?" అన్నది. మీ మామ అక్కడే ఏడ్చేశాడు.

ఇదంతా నీకు రాయమన్నది ఆయనే. తనకు చెప్పడం రాదట.

మీ అత్త