జైలరు నాటకం నాదే

మార్చి 4

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే పక్కింటి టైలరు రాస్తున్నాడు. మెరుగులు దిద్దావంటే కత్తెర లాక్కుంటానని ముందే చెప్పాను.

జైలరు నాటకం నాది. కోడలిది కాదు. అందులో జైలరు ఊరంతటినీ లోపలేసి తాళం పెడతాడు. ఇక బయట టీ కాచేవాడు లేడు, గుండీ కుట్టేవాడు లేడు. ఆఖరికి తనే తలుపు బాది, నన్నూ రానివ్వండని బతిమాలతాడు. ఆ వేషం నాదే. వీధుల్లో ఆడాం. జనం పడీ పడీ నవ్వారు. అందుకే కేసు. చదువురాని ముసల్ది నాటకం కట్టలేదట, డిగ్రీ చదివిన కోడలే రాసిందట. దాన్ని పట్టుకుపోయి పదకొండు రోజులు.

మార్చి 9

ములాఖత్‌లో కోడలు ఒకటే పోరు. ఒప్పుకోకత్తయ్యా, ఈ వయసులో కటిక నేల మీద పడుకోలేవు అని. నోరు మూసుకోమన్నాను.

మార్చి 16

రేపు కోర్టులో నాటకం నాదని రుజువు చేస్తానంటే మా లాయరుకి నమ్మకం లేదు. నాకుంది.

మార్చి 17, సాయంత్రం ఐదు

నీదే అయితే మొదట్నించీ చెప్పమన్నాడు సర్కారు లాయరు. నాలుగు మాటలు చెప్పి ఆగిపోయాను. తర్వాతి మాట గుర్తు రాలేదు. బోనులోంచి కోడలు పెదాలు కదిపింది. ఒక్క చూపు చూశాను. అందించిందా, దాని మెడకే చుట్టుకుంటుంది.

అప్పుడు తట్టింది. ఈ నాటకం కూర్చుని కట్టింది కాదు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతూ కట్టాను, మడతకో మాట. చేతులు ఖాళీగా ఉంటే నోరు నడవదు.

"జడ్జిగారూ, ఓ దుప్పటి ఇప్పించండి. అవతలి కొసలు పట్టుకోను ఓ మనిషి కావాలి."

ఆయన బల్ల మీది గుడ్డ తీయించారు. అవతల లేడీ కానిస్టేబుల్ పట్టుకుంది. మడత వేయడం, విప్పడం. ఇక ఆగలేదు నేను. తలుపు బాదే చోటికొచ్చేసరికి ఆ పిల్ల గుడ్డలో మొహం దాచుకుంది. భుజాలు ఊగుతున్నాయి. టైపు కొట్టే ఆయన ఒక్క మాట వదల్లేదు. వీధిలో ఆడకూడదన్న నాటకం కోర్టు రికార్డుకెక్కింది.

మార్చి 18

కోడల్ని వదిలేశారు. రేపు నన్ను తీసుకెళ్తారు. టైలరు ఏడుస్తున్నాడు. కాగితం తడుస్తుందని తిట్టాను.

జైలరు వేషం ఇక తనే వేస్తుందట కోడలు. తలుపు గట్టిగా బాదు, చుట్టపుచూపుకి వచ్చినదానిలా తట్టకు అని చెప్పాను.

ఏప్రిల్ 2

లోపల. రాస్తున్నది పక్క చాప మనిషి. బ్యారక్‌లో ఇరవై మందిమి. పొద్దున్నించీ రిహార్సల్ ముందుకు కదలట్లేదు. అందరికీ జైలరే కావాలి. ఖైదీ వేషం వేస్తానన్నది ఒక్కతీ లేదు.