చుక్కను మోసే బండి

నవంబర్ 23, శనివారం

అత్తయ్య ఇవాళ కూడా నడవలేదు. తుంటి ఆపరేషన్ అయి రెండు నెలలు దాటింది. ఎముక బాగానే అతికింది, ఇక ఆవిడే నడవాలి, క్రిస్మస్ దాకా ఇలాగే ఉంటే మంచానికి అలవాటు పడిపోతుంది అని డాక్టరుగారు ఆవిడ ముందే చెప్పారు. బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుంది. బాత్‌రూమ్‌కి తప్ప వాకర్ ముట్టుకోదు, అదీ నేను పట్టుకుంటేనే. మళ్ళీ పడతానని భయం. భయమని మాత్రం ఒప్పుకోదు, ఓపిక లేదంటుంది. నన్ను తిట్టడానికి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుందో.

నవంబర్ 24, ఆదివారం

చర్చి నుంచి రాగానే వార్త చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. క్రిస్మస్ ఆరాధనలో, జ్ఞానులకు దారి చూపిన చుక్కను ఈసారి మార్తగారి కోడలు మోస్తుందట.

నేను ఈ పటమట ఇంటికి కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, చర్చి గుమ్మం దగ్గర్నుంచి వేదిక ముందు కట్టే పశువుల పాక దాకా చుక్క పట్టుకుని నడిచేది అత్తయ్యే. మామయ్య బతికుండగా కొండపల్లిలో చేయించిన చుక్క. బొమ్మలు చేసే పొణికి కర్ర, బరువుండదు. ఏటా కొత్తగా జిగురు రాసి మెరుపుల పొడి చల్లుతుంది.

మార్తగారి కోడలు అనగానే లేచి కూర్చుంది. తనంతట తనే. హెప్సిబా, నీ బండి ఆ చుక్కను మోయలేదా అని అడిగింది.

బండి అంటే నా రోబోట్. మైలవరం కాలేజీలో ఫిజిక్స్ చెప్పి, బస్సులో వేలాడుతూ వచ్చి, ఇంటిపని అయ్యాక నాకోసం నేను చేసుకునేది అదొక్కటే. చక్రాలు ఎన్నిసార్లు తిరిగాయో ఎన్‌కోడర్ లెక్కపెడుతుంది. దాన్నిబట్టి తను ఫలానా చోట ఉన్నాననుకుంటుంది. అనుకుంటుంది, అంతే.

మోస్తుంది అన్నాను. నోరు జారాను.

నవంబర్ 30

హాల్లో ఈ చివర నుంచి ఆ చివరికి పంపితే సోఫా కాలికి గుద్దుకుంది. దాని లెక్కలో మాత్రం తిన్నగానే వెళ్ళింది. టైల్ మీద చక్రం జారినా తిరిగినట్టే లెక్క. చిన్న తప్పు మీద చిన్న తప్పు పేరుకుని, సోఫా కింద ఇరుక్కుని కూడా పాక ముందున్నాననుకుంటుంది.

ఈయన షిఫ్ట్ నుంచి వచ్చి చూశారు. నువ్వు దీన్ని సరిచేస్తే అమ్మ ఇంక నడవదు, మోయడానికి బండి ఉందిగా అంటుంది అన్నారు. ఒళ్ళు మండింది. నాకూ లోపల అదే అనిపిస్తోంది కాబట్టి ఇంకా మండింది.

డిసెంబర్ 3

మళ్ళీ సోఫా.

డిసెంబర్ 8, ఆదివారం

ప్రసంగం వినలేదు, దేవుడు క్షమించాలి. కూర్చుని నడవా చూశాను. ఎడమవైపు ఆడవాళ్ళం, కుడివైపు మగవాళ్ళు, జంబుకానాల మీద. మధ్యలో దారి. మనుషులే రెండు గోడలు. రోబోట్‌కి రెండు పక్కలా దూరం కొలిచే సెన్సర్లు పెట్టి, రెండు దూరాలూ సమానంగా ఉండేలా నడిపిస్తే చాలు. ఎంత ముందుకొచ్చిందో చక్రాలు చెబుతాయి. పక్కకి పోకుండా మనుషులు చూసుకుంటారు. ఇంత తేలికైన సంగతి తట్టడానికి రెండు వారాలు పట్టింది.

డిసెంబర్ 14

హాల్లో రిహార్సల్. అత్తయ్య కుర్చీ, రెండు సూట్‌కేసులు: ఆడవాళ్ళు. ఈయన, బియ్యం డబ్బా: మగవాళ్ళు. బండి మధ్యలో చక్కగా వచ్చింది. ఈయనకి ఫోనొచ్చి లేచారు. బండి ఆగిపోయింది. ఒక పక్క దొరక్కపోతే ఆగిపొమ్మని నేనే ప్రోగ్రామ్ రాశాను. అత్తయ్య కేకలేసింది. నతానియేలూ, నీ చోట నువ్వు కూర్చోరా, పాపం దానికి ఎక్కడుందో తెలియడం లేదు అని.

పాపం అట. ఇన్నేళ్ళలో నన్నొక్కసారి అనలేదు ఆ మాట.

డిసెంబర్ 20

పాస్టరయ్యగారు ఒప్పుకున్నారు. మధ్యలో ఆగిపోతే మాత్రం మార్తగారి కోడలు చుక్క అందుకుంటుంది, అది షరతు. అత్తయ్యకి చెప్పాను. ఆగదులే అంది. వాకర్ మూలనే ఉంది.

డిసెంబర్ 25, సాయంత్రం

పొద్దున్న అత్తయ్యని, వాకర్‌తో సహా, కార్లో తీసుకెళ్ళి, ఆడవాళ్ళ వైపు నడవా అంచున ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాం. చుక్కను బండికి కట్టాను. పాట మొదలైంది. బండి బయల్దేరింది. నేను పాక దగ్గర నిలబడ్డాను.

నేను నడవాని చూసింది ప్రసంగం టైములో. చుక్క వచ్చేది ప్రసంగానికి ముందు. అప్పటిదాకా గుమ్మం వైపు అంచున కూర్చునే ముసలాళ్ళు తప్ప మన మగవాళ్ళు లోపలికి రారు, షామియానా కింద కబుర్లు. ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నాను, బుర్రకెక్కలేదు. ఈయనా అక్కడే.

సగం దూరం వచ్చేసరికి ముసలాళ్ళ వరస అయిపోయింది, అక్కణ్ణుంచి మగవాళ్ళ వైపు జంబుకానా ఖాళీ. బండి ఆగింది. చరణం అయిపోతే మళ్ళీ మొదటి నుంచి పాడారు. మార్తగారి కోడలు కొంగు సర్దుకుని లేచింది.

అప్పుడు వాకర్ చప్పుడు. అత్తయ్య. ఎవర్నీ పట్టుకోమనలేదు. బండి వెనకగా నడవా దాటి, మగవాళ్ళ వైపు ఖాళీలోకి వెళ్ళి, బండి పక్కన నిలబడింది. బండి కాస్త ఆలోచించి కదిలింది. అది కొంచెం, ఆవిడ కొంచెం. అలా పాక దాకా దానికి గోడలా నడిచింది. మగవాళ్ళ వైపు ఒక ఆడమనిషి నడవడం మా చర్చిలో ఎవరూ చూసి ఉండరు. మార్తగారి కోడలు కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఆవిడ మాత్రం దగ్గరికి రాగానే, మగాళ్ళని నమ్ముకుని బండి చేశావా అని నన్నే తిట్టింది.

ఇంటికొచ్చి అత్తయ్యని చెరో పక్కా పట్టుకుని దింపి, చుక్కతో సహా బండిని హాల్లో పెట్టాక చూసుకుంటే వాకర్ చర్చిలోనే మర్చిపోయాం. రేపు ఈయన తెస్తారు.

డిసెంబర్ 26, పొద్దున్నే

బండి మీద చుక్క లేదు. అత్తయ్య మంచం కింద ఉంది. నేను తియ్యలేదు, ఈయనా తియ్యలేదట. ఆవిడ గాఢంగా నిద్రపోతోంది.

హాల్లోంచి ఆవిడ గది దాకా గోడ మీద, చెయ్యి ఆనే ఎత్తున, మెరుపుల పొడి.