తొలి బోరు గురించి సూర్యప్రభ రాసిన పేజీ

ఎల్బీనగర్

పాండురంగం గారికి,

మన కాలనీ తొలి బోరు గురించి నా భార్య సూర్యప్రభ మన వెబ్‌సైటులోనే టైపు చేసిన వ్యాసంలో మీ పేరు లేదు. ఆమె పోయాక కాలనీ సంఘం అధ్యక్షుడిగా మీరు దాన్ని తీయించారు. ఎనభైల్లో ఆ బోరు దగ్గర బిందెతో నిలబడింది ఆమె, మీరు కాదు.

ఆ వ్యాసం ఉన్న పాత ఫైలు ఇమ్మని, సైటు తయారుచేసిన మీ అబ్బాయి జనార్దన్‌ని అడిగాను.

“ఏడుంటది అంకుల్? డౌన్‌లోడ్ బటన్ నొక్కినప్పుడే జావా ప్రోగ్రాం అప్పుడు సైటుల ఉన్న పేజీలతోటి ఫైలు తయారుచేసి బ్రౌజర్‌కు పంపిస్తది, సర్వర్ల దాచదు. ఆంటీ పేజీ తీసేసినంక ఎంత నొక్కినా రాదు. అంతకుముందు దించుకున్నది మా నాయిన ఒక్కడే.”

ఎప్పటికీ ఉంటుందనుకుని నేను ఒక్కసారీ నొక్కలేదు.

బోరు మీరే వేయించారని రాసి, సంతకం పెట్టి ఇస్తాను. ఆమె పేజీ ఇప్పించండి.

ఇట్లు,
సూర్యప్రభ భర్త